ఇల్లు చూసేవాళ్ళు సంఘం కట్టుకున్న కథ

నేను కంప్యూటర్ల మనిషిని. కానీ టొరంటో చుట్టుపక్కల ఇల్లు కొనుక్కుంటున్న మనవాళ్ళు నన్ను తరచు అడిగేది సాఫ్టువేరు గురించి కాదు, "హోమ్ ఇన్స్పెక్టర్ మాట ఎంతవరకు నమ్మొచ్చండీ?" అని. దానికి జవాబు ఆ వృత్తి చరిత్రలోనే ఉంది.

మన ఊళ్ళో ఇల్లు కొనేముందు తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకు వెళ్తాం. (వాస్తు సిద్ధాంతి తర్వాతే లెండి!) కెనడాలోనూ ఒకప్పుడు ఇంచుమించు అంతే. తెలిసిన కాంట్రాక్టరెవరో వచ్చి చూసేవాడు. చిక్కేమిటంటే, లోపం చూపించినవాడే బాగుచేస్తానని బేరం పెట్టేవాడు.

ఇంతలో ఒక గొడవ వచ్చింది. 1977లో ఫెడరల్ ప్రభుత్వం ఇంధనం పొదుపు కోసం ఇళ్ళకు ఇన్సులేషన్ వేయించుకోమని డబ్బుసాయం మొదలుపెట్టింది. చాలామంది గోడల్లోకి యూరియా ఫార్మాల్డిహైడ్ నురుగు ఎక్కించుకున్నారు. దాన్నుంచి వచ్చే వాయువుతో ఆరోగ్యం ఏమవుతుందోనన్న భయం పట్టుకుంది. 1980 డిసెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నురుగు ఉన్న ఇల్లంటే కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. గోడలోపల ఏముందో ఏ పక్షానికీ చెందకుండా చెప్పే మనిషికి ఇక్కడ గిరాకీ పెరగడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

అమెరికాలో ఇన్స్పెక్టర్లు 1976లోనే 'ఆషీ' అనే సంఘం పెట్టుకున్నారు. ఆ బాటలోనే 1982లో కెనడా సంఘం పుట్టింది. ఇలాంటి సంఘాలు చేసిన అసలు పని రెండు నియమాలు రాయడం. పైకప్పు, పునాది, వైరింగు, ప్లంబింగు, ఫర్నేసు, వీటిలో కనీసం ఏమేమి చూడాలో ఒకటి. తనిఖీ చేసిన ఇంటికి మరమ్మతు పని తాను ఒప్పుకోకూడదని రెండోది. నన్నడిగితే రెండోదే గొప్పది.

1994లో ఒంటారియో శాసనసభ అక్కడి ఇన్స్పెక్టర్ల సంఘానికి ఒక ప్రైవేటు చట్టం చేసిపెట్టింది. 'రిజిస్టర్డ్ హోమ్ ఇన్స్పెక్టర్' అన్న బిరుదు సంఘ సభ్యులకే దక్కింది. కానీ ఆ చట్టం కాపాడింది బిరుదును మాత్రమే, పనిని కాదు. సంఘంలో చేరనివాడు కూడా టార్చిలైటు, నిచ్చెన పట్టుకుని మీ అటక ఎక్కొచ్చు, ఫీజు తీసుకోవచ్చు. పరీక్షలు రాసి, బీమా కట్టి పనిచేసేవాళ్ళకు ఇది ఎంత కడుపుమంటో ఊహించండి. పైగా ఇన్స్పెక్టర్కి పని చాలావరకు రియల్టర్ల సిఫారసు మీదే వస్తుంది. గట్టిగా లోపాలు చెప్పేవాడికి ఆ సిఫారసు మళ్ళీ వస్తుందా?

అందుకే లైసెన్సు కావాలన్న మాట బలపడింది. 2009లో బ్రిటిష్ కొలంబియా మొదటగా లైసెన్సు తప్పనిసరి చేసింది, 2011లో ఆల్బెర్టా అనుసరించింది. ఒంటారియో కూడా 2017లో చట్టం చేసింది. చేసిందేగాని అమల్లో పెట్టలేదు!

కాబట్టి ఒంటారియోలో ఉన్న మనవాళ్ళు ఆ ప్రశ్నలు తామే వేసుకోవాలి. ఏ సంఘంలో సభ్యుడు, తప్పు జరిగితే ఆదుకునే బీమా ఉందా, పాత రిపోర్టు ఒకటి చూపిస్తాడా అని ఫోనులోనే అడగండి. రియల్టర్ ఇచ్చిన పేరుతో ఆగకుండా మరో ఇద్దరికి ఫోను చెయ్యండి. ఇన్స్పెక్టర్ బేస్‌మెంటులోకి దిగినప్పుడు మీరూ వెంట దిగండి.