నీళ్లు పుట్టించిన జజీరా

శావల్యాపురం, వినుకొండ వైపు మనవాళ్లకు జజీరా అనగానే అండమానో సిలోనో గుర్తొస్తుంది. మన పల్నాడు జిల్లాలోనే ఒక జజీరా ఉంది. మాచర్ల అవతల, సాగర్ నీళ్ల మధ్య, నాగార్జునకొండ. పిల్లల్ని వెంటేసుకుని అక్కడికి వెళ్లొచ్చిన ఖాందాన్లు మనలో తక్కువేమీ కాదు. లాంచీ ఎక్కడం, మ్యూజియంలో ఓ చుట్టు తిరగడం, చెట్టు కింద బిర్యానీ గిన్నె ఖాళీ చేయడం, మగ్రిబ్ లోపు వాపస్. దాని తారీఖ్ మాత్రం లాంచీ కిందే ఉండిపోతుంది. ఇది మాటవరసకు అనడం లేదు, నిజంగానే నీళ్ల కింద ఉంది.

ఎందుకంటే ఇది పుట్టుకతో జజీరా కాదు. అరవై డెబ్భై ఏళ్ల కింద ఇదొక కొండ, అంతే. మూడు వైపులా నల్లమల గుట్టలు, నాలుగో వైపు కృష్ణ, మధ్యలో విశాలమైన వాది. ఆ లోయలో పొలాలు, పుల్లారెడ్డిగూడెం అనే ఊరు, చుట్టుపక్కల లంబాడీలు, చెంచులు. డ్యాం కట్టాక లోయంతా మునిగింది. కొండ తల మాత్రం పైన మిగిలింది. దాన్నే మనం జజీరా అంటున్నాం.

మునిగిన ఆ లోయ ఒకప్పుడు దారుల్‌ హుకూమత్. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. పాత కత్బాల్లో, అంటే శిలాశాసనాల్లో, విజయపురి అనీ శ్రీపర్వతం అనీ కనిపిస్తుంది. ఆచార్య నాగార్జునుడి పేరు తర్వాతి కాలం నుంచి వచ్చిన నమ్మకం.

ఆ కత్బాల్లో నాకు నచ్చేది రాజుల బడాయి కాదు, ఔరతుల పేర్లు. మహాచైత్యానికి ఖర్చు పెట్టింది చాంతసిరి. మొదటి రాజు చాంతమూలుడి చెల్లెలు, రెండో రాజు వీరపురుషదత్తుడికి ఫుప్పూ. అంతేనా, ఆయన ఆమెకు దామాద్ కూడా! ఇంకో ఫుప్పూ హమ్మసిరి కూతుళ్లిద్దరూ ఆయన రాణులే. ఉర్దూలో ఫుప్పూ వేరు, సాస్ వేరు. తెలుగులో రెంటికీ అత్త అనే ఒక్క మాట ఎందుకు సరిపోతుందో ఈ ఒక్క ఖాందాన్‌ను చూస్తే తెలిసిపోతుంది. మన ఇళ్లలోనూ ఫుప్పూ కూతురితో నికా కొత్తేం కాదుగా.

ఇక బోధిసిరి రాణి కాదు, మామూలు ఘరానా ఇల్లాలు. ఆమె కట్టించిన చైత్యగృహం కత్బాలో కాశ్మీర్, గాంధారం, చీనా, సింహళం, వంగదేశం పేర్లు వరసగా ఉన్నాయి. ఆ ముల్కుల్లో తిరిగి ధర్మం చెప్పిన సింహళ భిక్షువుల కోసం ఆమె దాన్ని కట్టించింది. తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. అంటే ఇవాళ మనం మారుమూల అనుకునే ఈ చోటికి ఒకప్పుడు సముద్రాల అవతలి నుంచి కూడా రాస్తా ఉంది.

ఇక్ష్వాకులు పోయాక చాలా కాలానికి కొండ మీద కిల్లా లేచింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన కోటల ఫెహరిస్తులో వినుకొండ, బెల్లంకొండ పక్కనే నాగార్జునకొండ పేరూ ఉంటుంది. ఆ తర్వాత ఈ ఇలాకా కుతుబ్‌షాహీల చేతికి పోయి, కొండవీడు కాస్తా ముర్తజానగర్ అయింది. లోయలోని స్తూపాలను అప్పటికే జనం మరిచిపోయారు, అడవి కప్పేసింది.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడి పాత స్తంభం చూసి సర్కారుకు ఖబర్ పంపారు. మద్రాసు నుంచి శాసనాల ఆఫీసు తెలుగు అసిస్టెంట్ రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ దొర తవ్వించాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ మొదలుపెట్టారు. అప్పట్లో మాచర్ల దాకా వచ్చినా అక్కడి నుంచి బండి బాటే, కాలినడకే.

సరైన రోడ్డు డ్యాంతోనే వచ్చింది. కృష్ణ నీళ్ల మీద ఇటు మద్రాసు, అటు హైదరాబాద్ రియాసత్ ఎవరి లెక్కలు వాళ్లు వేసుకుంటుంటే, 1952లో ఖోస్లా కమిటీ నందికొండ దగ్గర డ్యాంకు మొగ్గు చూపింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ బునియాద్ రాయి వేశారు. లోయ మునగడం ఖాయమైపోయింది గనక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం గడియారంతో పోటీపడి తవ్వింది. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, ఘాట్లు, మెట్ల కోనేర్లు, రంగస్థలం బయటపడ్డాయి. వాటికన్నా వేల ఏళ్ల ముందటి రాతియుగం పనిముట్లు సైతం దొరికాయి. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదికి, ఇటు ఒడ్డున అనుపుకు మోసి తిరిగి పేర్చారు. కొన్నిటికి చిన్న నమూనాలు కట్టారు. మ్యూజియం 1966లో తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

వేలమంది మజూర్లు రాయి మీద రాయి పేర్చి ఆ డ్యాం కట్టారు. దాని బర్కత్‌ను మన పల్నాడువాళ్లు కాదనలేరు. కుడి కాలువ రాకముందు ఇక్కడి మెట్ట సేద్యం ఎలా ఉండేదో ఇంట్లో బుజుర్గులను అడగండి, జొన్నల కథ చెబుతారు. కానీ నాకు ఒకటి మింగుడు పడదు. స్తూపాలకు కొండెక్కే నసీబ్ ఉంది, పుల్లారెడ్డిగూడానికి లేకపోయింది. రాతికి కొత్త ఇల్లు దొరికింది. మనుషులు మాత్రం మూటలు సర్దుకుని ఎటో పోయారు. గేట్లు ఎత్తిన రోజు ఇరవై ఆరు గేట్ల ఫోటో పేపర్లన్నిటిలో వస్తుంది. ఆ నీళ్ల కింద ఉన్న ఊరి పేరు ఎప్పుడైనా చదివారా?

సఫర్ సంగతి కూడా చెప్పుకోవాలి. శావల్యాపురానికి రైలు భాగ్యం బాగానే ఉంది. గుంటూరు, నంద్యాల లైను ఉండనే ఉంది, పిడుగురాళ్ల నుంచి వచ్చిన కొత్త లైను కూడా ఇక్కడే కలుస్తుంది. జజీరాకు పోవాలంటే మాత్రం బస్సే నయం. మాచర్ల చేరి అక్కడి నుంచి విజయపురి సౌత్ పోవాలి. అక్కడి ఘాట్ నుంచి లాంచీలో పదకొండు కిలోమీటర్లు, ముప్పావు గంటకు అటూ ఇటూ. తెలంగాణ ఒడ్డు నుంచీ లాంచీ వస్తుంది. జుమ్మా రోజు మ్యూజియం బంద్. చాలామంది మనవాళ్లు శుక్రవారం సెలవు చూసుకుని బయల్దేరతారు గనక ముందే చెబుతున్నా. కొండ మీద రాత్రి బస లేదు, తిరుగు లాంచీ టైం మరిచిపోవద్దు.

ఈ రాస్తా చాలా నాజూకు. గాలి ఎక్కువైతే లాంచీ కదలదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక రాష్ట్రమంతా టూరిస్టు పడవలు ఆగిపోయాయి. లాంచీ ఆగితే చాంతసిరి, బోధిసిరి కట్టడాలను చూడటానికి వేరే బాట లేదు. అందుకే సేఫ్టీ జాకెట్ తొడుక్కోమంటే మన పిల్లలు నవ్వకుండా పెద్దవాళ్లే ముందు తొడుక్కోవాలి.

సాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. దిగువ హద్దు 510. అంటే ఈ జజీరా సైజు ఏడాది పొడవునా ఒకటే ఉండదు. వానలు బాగా పడ్డ ఏడు చిన్నదవుతుంది, ఎండాకాలం వచ్చేసరికి ఒడ్డు చుట్టూ ఎర్రమట్టి, రాళ్లు తేలి పెద్దదవుతుంది. అలా దిగిన నీళ్లలో ఒక వాటా కుడి కాలువ పట్టుకుని మన పొలాల్లోకి వస్తుంది.