ఆస్టియోపతీ: అమెరికాలో డాక్టరు, బ్రిటన్‌లో చేతి వైద్యుడు

నడుంనొప్పితో వచ్చిన మనిషి ఎలా నిలబడుతున్నాడో, ఊపిరి ఎలా తీస్తున్నాడో కూడా గమనించే వైద్యం ఆస్టియోపతీ. పేరు హోమియోపతీని గుర్తుచేసినా రెండింటికీ సంబంధం లేదు. ఎముకలు, కండరాలు, నరాలు, రక్తప్రసరణ ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేస్తాయని, నొప్పి ఉన్నచోటే దాని మూలం ఉండాలనేమీ లేదని ఇది చెబుతుంది. చికిత్స ప్రధానంగా చేతులతోనే. కండరాలను నొక్కుతారు, సాగదీస్తారు, కీళ్లను మెల్లగా కదిలిస్తారు. ఒక్కోసారి మెటికలు విరిచినట్టు చటుక్కున తిప్పుతారు.

దీన్ని మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ (1828-1917) అమెరికా వైద్యుడు. 1864లో మెనింజైటిస్ ఆయన ముగ్గురు పిల్లలను పొట్టనబెట్టుకుంది. పాదరసం మందులు రాజ్యమేలుతున్న ఆనాటి వైద్యంపై ఆయనకు నమ్మకం పోయింది. 1874లో కొత్త పద్ధతిని ప్రకటించాడు. కొంతకాలం ఎముకలు సరిచేస్తానంటూ ఊళ్లు తిరిగి, 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో కళాశాల పెట్టాడు. ఆనాటి మందులను ఆయన అనుమానించడంలో అర్థముంది. వెన్నెముకను సరిచేస్తే రోగాలన్నీ దారికొస్తాయన్న ధీమా మాత్రం తర్వాతి పరిశోధనల ముందు నిలబడలేదు.

ఆ తర్వాత దారులు చీలాయి. అమెరికాలో ఆస్టియోపతీ కళాశాలలు క్రమంగా ఆధునిక వైద్యాన్ని పూర్తిగా బోధించసాగాయి. 1973 నాటికి అన్ని రాష్ట్రాలూ డీఓ పట్టాదారులకు పూర్తి వైద్య హక్కులిచ్చాయి. వారు మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. అక్కడి వైద్య విద్యార్థుల్లో ఇప్పుడు దాదాపు నాలుగో వంతు ఈ కళాశాలల్లోనే ఉన్నారు. ‘మా అబ్బాయికి డీఓ సీటొచ్చింది, అది ఎండీతో సమానమేనా?’ అని అడిగే అమెరికా తెలుగు కుటుంబాలకు జవాబు ఇదే: వైద్యం చేసే హక్కుల్లో తేడా లేదు. బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ 1993 చట్టం ప్రకారం నమోదైన వారే ఆస్టియోపాత్ అని చెప్పుకోవాలి. కానీ వారు మందులు రాయలేరు.

ఫలితాల మాటేమిటి? నడుంనొప్పికి కొంత ఉపశమనం ఇస్తుందనడానికి ఆధారాలున్నాయి. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2016లో చేతి చికిత్సను అంగీకరించింది, అదీ వ్యాయామంతో కలిపి చేస్తేనే. ఆస్తమాకు, పసిపిల్లల కడుపునొప్పికి పనిచేస్తుందనడానికి గట్టి రుజువులు లేవు. పుర్రె ఎముకలను సున్నితంగా కదిలిస్తామనే ‘క్రేనియల్’ శాఖకు శాస్త్రీయ పునాదే బలహీనం.

భారత్‌లో ఆస్టియోపతీ ఆయుష్ పద్ధతుల్లో లేదు. అందువల్ల బోర్డు మీది పేరు కన్నా వెనకున్న డిగ్రీ ఏమిటో అడగడం ముఖ్యం: ఎంబీబీఎస్సా, ఫిజియోథెరపీయా, లేక వారాంతపు కోర్సా? మెడను వేగంగా తిప్పినప్పుడు అరుదుగా రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చే ముప్పుంది. ఎముకలు గుల్లబారిన వారికి బలమైన ఒత్తిడి ప్రమాదకరం. నడుంనొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మర్మావయవాల దగ్గర తిమ్మిరి పట్టినా, మూత్రంపై అదుపు తప్పినా ఆస్టియోపాత్ దగ్గరకు కాదు, వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.