మెతుకు పట్టి చూస్తే...

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెంతా ఒంపి చూడక్కర్లేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఈ సూత్రం మన వంటిళ్లలో తరతరాలుగా నడుస్తోంది. పొయ్యి మీద గిన్నె వరకూ దీనికి తిరుగులేదు కూడా. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, మనం దీన్ని వంటింటి గడప దాటించి మనుషుల మీద కూడా ప్రయోగిస్తాం. కొత్తకోడలు మొదటిరోజు పెట్టిన చారు నోట్లో పోసుకుని "పిల్ల చెయ్యి మంచిదర్రా" అని మురిసిపోతాం. ఉప్పు కాస్త ఎక్కువైతే "వాళ్లమ్మ ఏమీ నేర్పలేదు కాబోలు" అని పెదవి విరుస్తాం. పిల్లవాడికి ఒక్క పరీక్షలో మార్కులు తగ్గితే చాలు, వాడి భవిష్యత్తంతా ఆ పూటే తేల్చేస్తాం.

ఒక్క మెతుకుతో మనిషిని తేల్చడం ఎంతవరకూ సబబు? ఈ ప్రశ్నను పట్టుకుని నూటయాభై ఏళ్లకు పైగా లెక్కలు కడుతూ వచ్చినవాళ్లు కొందరున్నారు. వాళ్లు వేదాంతులు కారు. అమెరికాలోని బేస్‌బాల్ పిచ్చివాళ్లు! నవ్వకండి. వాళ్ల కథ వింటే మనక్కూడా పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

బేస్‌బాల్ అంటే మరేం లేదు, క్రికెట్‌కి దూరపు చుట్టం అనుకోండి. ఒకడు బంతి విసురుతాడు, వాణ్ణి పిచర్ అంటారు. ఇంకొకడు గుండ్రటి బ్యాటుతో కొడతాడు. కొట్టి నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతిని మైదానం కంచె దాటించేస్తే హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది. పెద్ద లీగులో ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. రోజూ ఆట ఉంటే రోజూ లెక్కా ఉంటుంది కదా!

ఆ లెక్కల పుస్తకానికి శ్రీకారం చుట్టిన పెద్దమనిషి హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. మొదట పత్రికలకు క్రికెట్ వార్తలు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్ మీద మనసు పారేసుకున్నాడు. ఏ ఆటగాడు ఎన్ని పరుగులు చేశాడు, ఎన్నిసార్లు అవుటయ్యాడు అని ఆట మొత్తాన్ని అరచేతంత పట్టికలో ఇమిడ్చి పత్రికలో అచ్చువేసే పద్ధతిని పెంచి పోషించినవాడు ఆయనే. క్రికెట్‌లో ఉన్న సగటు అనే ఆలోచనను బేస్‌బాల్‌కు మప్పినవాడూ ఆయనే. ఈయనకు సవతి అన్న ఒకాయన ఉండేవాడు, పేరు ఎడ్విన్ చాడ్విక్. ఇంగ్లండులో బీదవాడల మురుగునీ రోగాలనీ చావులనీ లెక్కగట్టి 1842లో పెద్ద నివేదిక ఇచ్చి, ప్రభుత్వం కళ్లు తెరిపించిన మనిషి. అన్న చావుల్ని లెక్కపెడితే తమ్ముడు పరుగుల్ని లెక్కపెట్టాడన్నమాట. లెక్కలు వాళ్ల రక్తంలోనే ఉన్నాయి కాబోలు!

అయితే ఎవరు లెక్క మొదలుపెడతారో వాళ్ల అభిప్రాయాలు కూడా ఆ లెక్కలోకి చేరిపోతాయి. పిచర్ సరిగ్గా విసరకపోతే బ్యాటరు ఆ బంతుల్ని ఓపిగ్గా వదిలేసి ఊరికే మొదటి మూలకు నడిచి వెళ్లొచ్చు. దాన్ని నడక అంటారు. చాడ్విక్ దృష్టిలో అది విసిరినవాడి తప్పే గాని, ఆగినవాడి గొప్ప కాదు. అందుకని బ్యాటింగ్ సగటులో దానికి చోటు లేకుండా పోయింది. 1887లో ఒక్క ఏడాది మాత్రం నడకను కూడా దెబ్బ కింద జమ వేశారు. సగటులన్నీ ఆకాశాన్నంటేసరికి బెదిరిపోయి, మరుసటేడే మానేశారు. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు అలన్ రాత్ అనే కెనడా ఆయన్ని పూర్తికాలపు లెక్కలవాడిగా పెట్టుకుంది. ఎన్నిసార్లు మూలకు చేరాడన్నదే ముఖ్యం, ఎలా చేరాడన్నది కాదని ఆయన పట్టికలు చెప్పాయి. ఆ లెక్కకు అధికారికంగా గుర్తింపు వచ్చేసరికి 1984 అయింది. ఓర్పుగా నిలబడి చేసిన పని లెక్కలోకి రావడానికి ఎంతకాలం పడుతుందో చూశారా! ఈ మాట ఆడవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక ఊహాజట్ల సంగతి. ఎక్కడో మైదానంలో నిజంగా ఆడుతున్న ఆటగాళ్లని కాగితం మీద కొనుక్కుని, మనదంటూ ఒక జట్టు కట్టుకుని, వాళ్లు నిజంగా సాధించిన అంకెల్ని బట్టి మనలో మనం పోటీపడటం - ఇదీ ఫాంటసీ బేస్‌బాల్. బొమ్మలపెళ్లి లాంటిదే, కాకపోతే బొమ్మలకు ప్రాణం ఉంటుంది. 1960లో విలియం గామ్సన్ అనే సాంఘికశాస్త్ర ఆచార్యుడు బోస్టన్‌లో స్నేహితులతో ఇలాంటి ఆట ఒకటి మొదలుపెట్టి, దానికి 'బేస్‌బాల్ సెమినార్' అని గంభీరమైన పేరు పెట్టాడు. పందెమని ఎవరూ అనుకోకూడదు కదా మరి! తర్వాత ఆయనతోపాటు ఆ ఆట మిచిగాన్ విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడ ఆడిన రాబర్ట్ స్క్లార్ అనే చరిత్ర ఆచార్యుడి ద్వారా ఆ కబురు శిష్యుడు డేనియల్ ఓక్రెంట్ చెవిన పడింది.

ఈ ఓక్రెంట్ తర్వాత రచయితా సంపాదకుడూ అయ్యాడు. 1979 చివర్లో టెక్సస్‌కి విమానంలో వెళుతూ వెళుతూ కొత్త ఆటకు నియమాలు రాసేశాడు. ఒక్కో జట్టు యజమానికి 260 డాలర్లు. వేలంపాటలో ఆటగాళ్లని కొనుక్కోవాలి. న్యూయార్కులో 'లా రోటిసరీ ఫ్రాన్సేజ్' అనే ఫలహారశాలలో మిత్రులు కూడి మాట్లాడుకున్నారు గనక దానికి 'రోటిసరీ లీగ్' అని పేరు వచ్చింది. 1980లో మొదటి పోటీ. ఆ తొలి యజమానుల్లో ఒక స్త్రీ కూడా ఉంది సుమా! పత్రికా వ్యాపారంలో పేరు తెచ్చుకున్న వాలెరీ సాలెంబియర్. అంతమంది మగవాళ్ల మధ్య ఏకైక మహిళ. గెలిచినవాళ్లకు సన్మానం ఏమిటంటారా? నెత్తిమీద సీసాడు చాక్లెట్ పానీయం గుమ్మరించడం! పెద్దపెద్ద చదువులు చదువుకున్నవాళ్లే ఇదంతా చేశారు లెండి.

1981 వేసవిలో బేస్‌బాల్ ఆటగాళ్లు దాదాపు రెండు నెలలు సమ్మె చేశారు. ఆటలు లేకపోతే విలేఖరులకు రాయడానికేముంది? కొందరి కన్ను ఈ వింత ఆట మీద పడింది. అది ఊరూరా పాకింది. 1982లో మొదలైన 'యూఎస్ఏ టుడే' దినపత్రిక అంకెలు విరివిగా అచ్చువేయడంతో జోరు ఇంకా పెరిగింది. తర్వాత కంప్యూటర్లు వచ్చాక చెప్పేదేముంది, లక్షలమంది ఊహాజట్ల యజమానులైపోయారు.

ఆ యజమానులందరినీ రోజూ తొలిచే ప్రశ్న మాత్రం ఒక్కటే. "వీడు పోయిన వారం నాలుగు హోమ్ రన్లు కొట్టాడు, తీసుకోనా? వాడు పది రోజులుగా ఏమీ కొట్టడం లేదు, వదిలించుకోనా?" అదిగో, మళ్లీ మన మెతుకు దగ్గరికే వచ్చాం.

1994 ఏప్రిల్ 4న చికాగోలో ఏడాది తొలి ఆట. ఆనాటి అధ్యక్షుడి భార్య హిల్లరీ క్లింటన్ చేతులమీదుగా ప్రారంభం. టఫీ రోడ్స్ అనే, అంతగా పేరులేని కుర్రాడు, డ్వైట్ గుడెన్ లాంటి పేరుమోసిన పిచర్ బంతుల్ని మూడుసార్లు కంచె దాటించాడు. మొదటిరోజే మూడు! ఊరంతా గగ్గోలు. ఆ రాత్రి అతణ్ణి ఎగబడి కొనుక్కున్నవాళ్లు తక్కువమంది ఉండరు. ఆగస్టులో సమ్మె వచ్చి ఆటలు ఆగిపోయేసరికి అతని మొత్తం హోమ్ రన్లు ఎనిమిది. అంటే ఆ తర్వాత నాలుగు నెలల్లో కొట్టినవి అయిదే. 2006లో డెట్రాయిట్ జట్టులో క్రిస్ షెల్టన్‌దీ ఇదే కథ. మొదటి పదమూడు ఆటల్లో తొమ్మిది హోమ్ రన్లు. ఏడాది పూర్తయ్యేసరికి పదహారు. జూలై నెలాఖరుకి పాపం అతణ్ణి చిన్న లీగుకి పంపేశారు.

ఎందుకిలా జరుగుతుంది? గిన్నెలో మెతుకులన్నిటికీ నీళ్లొకటే, మంట ఒకటే. అందుకే ఒక మెతుకు చెప్పిన మాట అన్నిటికీ వర్తిస్తుంది. ఆటగాడికి అలా కాదే! ఈరోజు విసిరేవాడు వేరు, రేపటివాడు వేరు. ఈరోజు గాలి కలిసొస్తుంది, రేపు ఎదురుతిరుగుతుంది. చిన్న లెక్క ఒకటి చూడండి. ఏడాదిలో 500 సార్లు బ్యాటు పట్టిన ఇద్దరున్నారు. ఒకడి సగటు 0.300, వాడు మొనగాడు. ఇంకొకడిది 0.250, వాడు సామాన్యుడు. మొదటివాడు 150 సార్లు కొట్టాడు, రెండోవాడు 125 సార్లు. తేడా పాతిక. ఆటల కాలం ఇరవై ఆరు వారాలు. అంటే మొనగాడికీ సామాన్యుడికీ మధ్య తేడా వారానికి ఒకే ఒక్క దెబ్బ! వారంపాటు కళ్లలో వత్తులు వేసుకుని చూసినా మీకూ నాకూ అది కనబడదు.

ఈ సంగతి ప్రపంచానికి వినిపించేలా చెప్పిన మనిషి బిల్ జేమ్స్. కాన్సస్ రాష్ట్రంలో, డబ్బాల్లో చిక్కుడుగింజల వంటకం నింపే కర్మాగారంలో రాత్రి కాపలావాడు. చదివింది మాత్రం ఇంగ్లీషు సాహిత్యమూ, అర్థశాస్త్రమూ. రాత్రిళ్లు కాపలా కాస్తూ లెక్కలు కట్టి, 1977లో సొంత ఖర్చుతో ఒక పుస్తకం వేశాడు. అమ్ముడైనవి డెబ్భై అయిదు ప్రతులో ఏమో! అతణ్ణి 1981లో పెద్ద పత్రికలో వ్యాసం రాసి లోకానికి పరిచయం చేసిందెవరనుకుంటున్నారు? మన ఓక్రెంటే. ఆ కాపలావాణ్ణే బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు తర్వాత సలహాదారుగా పెట్టుకుంది. 2004లో ఆ జట్టు 86 ఏళ్ల తర్వాత తొలిసారి ఛాంపియన్‌షిప్ గెలిచింది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది వోరోస్ మెక్రాకెన్ కథ. లాయరు ఆఫీసులో సహాయకుడు. తన ఊహాజట్టుకి మంచి పిచర్లని ఏరుకోవాలన్న తాపత్రయంతో అంకెలు తవ్వుతూ కూర్చున్నాడు. తవ్వగా తవ్వగా, 2001లో అచ్చయిన వ్యాసంలో ఒక మాట బయటపెట్టాడు. బ్యాటుకి తగిలిన బంతి కంచె దాటకుండా మైదానంలోనే పడితే, అది దెబ్బగా మారుతుందా, ఎవరి చేతిలోనైనా పడుతుందా అన్నది చాలావరకు పిచర్ చేతిలో లేదట! ఇంచుమించు పదింటిలో మూడు దెబ్బలవుతాయి. ఒక ఏడు నాలుగైతే పిచర్ పాడైపోయాడని తిడతారు, రెండయితే నెత్తిన పెట్టుకుంటారు. నిజానికి అతని చేతిలో ఉన్నవి వేరు. ఎంతమందిని బ్యాటు తగలనివ్వకుండా అవుట్ చేశాడు, ఎంతమందికి ఊరికే నడక ఇచ్చాడు, ఎన్ని హోమ్ రన్లు ఇచ్చాడు - ఇవీ చూడవలసినవి.

అంత అనుభవమున్నవాళ్లు కూడా మొదట దీన్ని నమ్మలేదు. మనం మాత్రం నమ్ముతామా? ఆవకాయ బూజు పడితే "కలిపిన చెయ్యి మంచిది కాదు" అంటాం. ముదరని కాయ మాటేమిటి, తడి ఆరని జాడీ మాటేమిటి? అవేవీ అడగం. చెయ్యి కనబడుతుంది గనక చేతినే అంటాం.

అయితే తాజా ఆటని అసలు చూడకూడదా అంటే, చూడొచ్చు. ఏది చూడాలో తెలియాలి. బ్యాటు తగలక అవుటయ్యే అలవాటు, నడక సంపాదించే ఓర్పు కొద్ది వారాల్లోనే బయటపడతాయి. ఎందుకంటే అవి చాలావరకు మనిషివి. సగటు నిజరూపం బయటపడటానికి ఏడాది కూడా చాలదు. ఎందుకంటే అందులో అదృష్టం వాటా ఎక్కువ. బంతి వేగం హఠాత్తుగా తగ్గితే భుజానికి ఏదైనా దెబ్బ తగిలిందేమోనని ఆరా తీయాలి. నాలుగు రోజులు పరుగులు రాకపోతే మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

ఆటలో డబ్బు చేరాక ఈ ఓపిక ఎక్కడిది? రోటిసరీ మిత్రులు ఏడాది పొడవునా ఆడితే, తర్వాత ఒక్కరోజుకే జట్టు కట్టి డబ్బు కాసే ఆటలు వచ్చాయి. మన దేశంలో క్రికెట్ మీద కూడా వచ్చాయి, ఇళ్లూ గుల్లయ్యాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చాయి. 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం చేసింది. ఏడాది చూసినా తేలని మనిషిని ఒక్క సాయంత్రంలో తేల్చి పందెం కాయడమంటే, పాచికలు వేయడానికీ దానికీ పెద్ద తేడా ఏముంది చెప్పండి?

అన్నట్టు, టఫీ రోడ్స్ కథ ఎనిమిది హోమ్ రన్లతో ముగియలేదు. అమెరికాలో నిలదొక్కుకోలేక 1996లో జపాన్ వెళ్లాడు. 2001లో అక్కడ ఒకే ఏడాదిలో 55 హోమ్ రన్లు కొట్టి, సదహరు ఓ అనే మహామహుడు 1964లో నెలకొల్పిన రికార్డుని అందుకున్నాడు. జపాన్‌లో మొత్తం 464! మొదటిరోజు చూసి ఆకాశానికెత్తినవాళ్లూ, తర్వాత నాలుగు నెలలు చూసి చెత్తబుట్టలో వేసినవాళ్లూ - ఇద్దరూ మెతుకే పట్టుకున్నారు.

మరి ఇంత తెలివైన ఆట కనిపెట్టిన ఓక్రెంట్ తన లీగులో ఎన్నిసార్లు గెలిచి ఉంటాడు? ఒక్కసారి కూడా గెలవలేదు. ఆయన నెత్తిన ఆ చాక్లెట్ పానీయం పడనేలేదు.