కిటికీ గట్టు మీద ఉసంబారా

క్వేకర్స్ హిల్‌లో మనవాళ్ళింటికి వెళ్తే ముందు కరివేపాకు కుండీ చూపిస్తారు. చలికాలంలో దాన్నెలా కాపాడారో ఓ గంట చెబుతారు కూడా. వంటింటి కిటికీలో ఊదారంగు పూలతో కూర్చున్న ఆఫ్రికన్ వయొలెట్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. దాని కథ వినదగ్గదండీ.

పేరుకే వయొలెట్, ఆ కుటుంబంతో దీనికి చుట్టరికం లేదు. ఆఫ్రికన్ అన్నది మాత్రం నిజం. ఇప్పటి టాంజానియా ఈశాన్యాన ఉసంబారా కొండలున్నాయి. అప్పట్లో అది జర్మన్ల వలస. 1892లో అక్కడి అధికారి వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ ఈ మొక్కని చూసి, జర్మనీలో ఉన్న తండ్రికి పంపాడు. అది హానోవర్‌లోని హెరెన్‌హౌజెన్ తోటకి చేరింది. ఆ తోట పెద్ద హెర్మన్ వెండ్‌లాండ్ 1893లో దానికి సెయింట్‌పాలియా అని పేరు పెట్టాడు. దొరగారు "కనుక్కున్నారు" అని రాస్తారు. ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన షంబా జనం అన్నాళ్ళూ కళ్ళు మూసుకుని తిరిగారనా?

1920లలో లాస్ ఏంజెలెస్‌లోని ఆర్మకోస్ట్ అండ్ రాయ్‌స్టన్ నర్సరీ యూరప్ నుంచి విత్తనాలు తెప్పించి, మొలిచినవాటిలోంచి కొన్నింటిని ఏరింది. 'బ్లూ బాయ్' అందులోదే. ఆకు గుచ్చితే చాలు, మొక్క వస్తుంది. అలా చేతులు మారుతూ అమెరికా ఇళ్ళన్నిటికీ పాకింది. 1946లో దీనికోసం ఏకంగా ఒక సంఘమే వెలిసింది!

పెంపకం కిటుకులన్నీ ఆ కొండల్లోనే ఉన్నాయి. అక్కడ ఇది చెట్ల నీడన, నాచు పట్టిన రాతి సందుల్లో పెరుగుతుంది. అందుకే చిన్న కుండీ చాలు, ఎండ నేరుగా తగలకూడదు. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడుగునా పగలు పన్నెండు గంటలు. సిడ్నీ జూన్‌లో పదే, కాబట్టి సాయంత్రం ఓ రెండు గంటలు ట్యూబులైటు వెయ్యాలి. అమెరికా పుస్తకాల్లో "ఉత్తరపు కిటికీ" అని చదివి అక్కడ పెట్టేరు, మనకిక్కడ సూర్యుడు ఉత్తరానే ఉంటాడు! తూర్పు కిటికీ అయితే ఎక్కడైనా మంచిదే.

మన పశ్చిమ శివార్లలో జులై రాత్రులు అయిదు డిగ్రీల కిందికి పోతాయి. ఇళ్ళా, చలిని ఆపే రకం కాదు. రాత్రి కుండీని అద్దానికి దూరంగా జరపండి. పదహారు డిగ్రీలకి తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది. కుళాయి చన్నీళ్ళు ఆకు మీద పడితే తెల్లటి మచ్చలొస్తాయి, ఇక పోవు. గోరువెచ్చటి నీళ్ళు పళ్ళెంలో పోసి, అరగంటాగి మిగిలినవి పారబొయ్యాలి.

2015లో శాస్త్రజ్ఞులు డీఎన్ఏ చూసి దీన్ని స్ట్రెప్టోకార్పస్ ప్రజాతిలో కలిపేశారు. దొరగారి పేరు ఒక మెట్టు దిగి, అందులో ఉపవిభాగానికి మిగిలింది. ఉసంబారాలో మాత్రం వ్యవసాయానికీ కలపకీ అడవి కొట్టేస్తున్నారు. నీడనిచ్చే చెట్టు పోతే రాయి ఎండిపోతుంది, దానిమీది మొక్కా పోతుంది. లక్షల కిటికీల్లో పూస్తున్న ఈ పువ్వుకి అడవిలో ఉన్న చుట్టాలు కొన్ని ఇప్పుడు అంతరించే జాబితాలో ఉన్నాయి.