ఓటీపీ దారి తప్పే చోట్లు: సంస్థల సందేశ వ్యవస్థల్లో అనుసంధాన, మార్గ దోషాలు

బ్యాంకు కౌంటరు వద్ద గాని, గ్యాస్ సిలిండరు ఇంటికి వచ్చినప్పుడు గాని, ఆధార్ కేంద్రంలో గాని కొన్ని అంకెల సంకేతం కోసం సెల్‌ఫోన్ వంక చూస్తూ నిలబడడం సరిహద్దు గ్రామాలవారికి అలవాటైన పనే. ఆ సంకేతం రానప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. బ్యాంకువారు 'మా వైపు నుంచి వెళ్ళింది' అంటారు. ఫోను కంపెనీవారు 'మా దగ్గరకు రాలేదు' అంటారు. చిత్రమేమిటంటే, రెండూ ఏకకాలంలో నిజం కావచ్చును. ఎందుకంటే ఒక సందేశం బ్యాంకు కంప్యూటరు నుంచి ఫోను తెరపైకి వచ్చేలోగా కనీసం అయిదారు చేతులు మారుతుంది. ఏ చేతి వద్ద నిలిచిపోయిందో తెలియనిదే మరమ్మతు సాధ్యం కాదు.

సంస్థ లోపలి క్యూ

ఖాతాల లెక్కలు చూసే ప్రధాన కంప్యూటరు సామాన్యంగా ఎస్.ఎం.ఎస్.ను స్వయంగా పంపదు. పంపవలసిన సందేశాన్ని ఒక క్యూలో పెట్టి తన పనిలోకి వెళ్ళిపోతుంది. మరొక ప్రోగ్రాము ఆ క్యూ నుంచి ఒక్కొక్కటిగా తీసుకొని బయటకు పంపుతుంది. తీసుకొనే ప్రోగ్రాము కాసేపు ఆగినా సందేశం పోకుండా క్యూలోనే నిలిచి ఉండడం ఈ ఏర్పాటులోని మేలు. ఐ.బి.ఎం. సంస్థ 1993లో ఎం.క్యూ. సిరీస్ పేరుతో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ ఈ రంగంలో పాతకాపు. నేడు ఐ.బి.ఎం. ఎం.క్యూ. అనే పేరుతో అనేక బ్యాంకుల్లో పనిచేస్తున్నది. 2007లో వచ్చిన రాబిట్ ఎం.క్యూ., 2011లో అందరికీ అందుబాటులోకి వచ్చిన కాఫ్కా కూడా విరివిగా వాడుకలో ఉన్నాయి.

ఎం.క్యూ.లో దోషం తలెత్తినప్పుడు ఒక కారణ సంఖ్య వస్తుంది. దానిని చదవడం వస్తే సగం పని అయినట్లే. 2538 వస్తే అవతలి యంత్రాన్నే చేరుకోలేకపోయినట్లు: నెట్‌వర్కు తెగింది, లేదా కబురు వినవలసిన ప్రోగ్రాము నడవడం లేదు, లేదా పోర్టు సంఖ్య తప్పు. సాధారణంగా ఆ పోర్టు 1414. 2059 వస్తే క్యూ మేనేజరు అందుబాటులో లేదు. 2058 వస్తే దాని పేరే తప్పుగా రాశారు. 2035 వస్తే తలుపు వరకు వెళ్ళారు గాని లోపలికి వెళ్ళే అనుమతి లేదు. ఈ చివరి సంఖ్యను చూసి నెట్‌వర్కు తీగలు వెతికేవారు లేకపోలేదు. అనుమతి నిరాకరణ వచ్చిందంటేనే తీగ బాగున్నదని అర్థం. 2009 అంటే మధ్యలో అనుసంధానం తెగిపోయింది. చాలాసేపు మాటామంతీ లేని అనుసంధానాన్ని ఫైర్‌వాల్ నిశ్శబ్దంగా కోసివేయడం దీనికి తరచుగా కనిపించే కారణాలలో ఒకటి.

ఇవి అనుసంధాన దోషాలు. మార్గ దోషాల తీరు వేరు. అనుసంధానం చక్కగా ఉంటుంది, సందేశమే తప్పు చోటికి పోతుంది. 2085 వస్తే ఆ పేరు గల క్యూ అక్కడ లేదు. ఎం.క్యూ.లో క్యూ పేర్లకు పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా ఉంటుంది కనుక ఒక్క అక్షరం మారినా ఇదే ఫలితం. 2087 వస్తే ఎక్కడికి పంపాలో ఆ దూరపు క్యూ మేనేజరుకు దారి నిర్ణయించలేదు. ఏ సంఖ్యా రాకుండా దూరపు సందేశాలు ఒక చోట పోగుపడుతుంటే రెండు యంత్రాలను కలిపే చానల్ స్థితి చూడాలి. అది మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ కనిపిస్తే అవతలి కొస వద్ద లోపం.

తపాలా శాఖలో చిరునామాదారు దొరకని ఉత్తరాలకు ప్రత్యేక కార్యాలయం ఉన్నట్లే ఇక్కడ కూడా చేరని సందేశాల క్యూ ఒకటి ఉంటుంది. అందులో పడిన ప్రతి సందేశం తలపైన అది ఏ క్యూకు వెళ్ళవలసినదో, ఎందుకు వెళ్ళలేకపోయిందో రాసి ఉంటుంది. అయినా చాలా చోట్ల ఈ క్యూను ఏర్పాటు చేసి మరచిపోతారు. రోజూ తెరిచి చూడని చేరని ఉత్తరాల పెట్టె చెత్తబుట్టతో సమానం. అసలు ఏర్పాటే చేయకపోవడం ఇంకా ప్రమాదం: చేర్చలేని ఒక్క సందేశం కారణంగా చానల్ మొత్తం ఆగిపోయి, దాని వెనుక ఉన్నవన్నీ నిలిచిపోవచ్చు. రాబిట్ ఎం.క్యూ. స్వభావం దీనికి భిన్నం. దారి సరిపోలని సందేశాన్ని, ప్రత్యేకంగా తిరిగి పంపమని కోరకపోతే, అది చప్పుడు లేకుండా పారవేస్తుంది. పంపినవారికి అంతా సవ్యంగా జరిగినట్లే కనిపిస్తుంది. వెతకడానికి ఇంతకంటే కష్టమైన దోషం లేదు.

ఓటీపీ విషయంలో మరొక మెలిక ఉన్నది. సంకేతం ఆయుర్దాయం కొద్ది నిమిషాలే. క్యూలోని సందేశానికి గడువు నిర్ణయించకపోతే, రెండు గంటలు ఆగిన వ్యవస్థ తిరిగి లేచినప్పుడు చచ్చిపోయిన సంకేతాలన్నీ ఒక్కసారిగా బయటకు వస్తాయి. పగలు అడిగిన నాలుగు సంకేతాలు అర్ధరాత్రి వరుసగా వచ్చిపడడానికి ఇది ఒక కారణం. వాటిని చూసి ఖాతాలోకి ఎవరో చొరబడ్డారని కంగారు పడనక్కరలేదు. అయితే తాము అసలు అడగనే లేదని గట్టిగా తెలిస్తే మాత్రం ఉపేక్షించకూడదు.

బ్యాంకు గడప దాటిన తరువాత

బ్యాంకు నుంచి టెలికాం కంపెనీకి వెళ్ళే దారిలో తరచుగా ఒక మధ్యవర్తి సంస్థ ఉంటుంది. వీటి మధ్య సంభాషణ ఎస్.ఎం.పి.పి. అనే నియమావళి ప్రకారం సాగుతుంది. ముందు పేరు, పాస్‌వర్డ్ చెప్పి అనుసంధానం కావాలి. ఇక్కడి దోష సంఖ్యలు చిన్నవి. 14 అంటే పాస్‌వర్డ్ తప్పు, 15 అంటే పేరు తప్పు. 20 వస్తే అవతలి క్యూ నిండిపోయింది. 88 వస్తే అనుమతించిన వేగాన్ని మించి పంపుతున్నారు. పండుగ ముందు రోజుల్లో ప్రకటనల సందేశాలు, ఓటీపీలు ఒకే అనుసంధానంపై పోతే ఈ 88 వెంటాడుతుంది. ఓటీపీలకు వేరే అనుసంధానం కేటాయించడమే దీనికి మందు. 10 వస్తే పంపినవారి పేరు, 11 వస్తే అందుకొనేవారి సంఖ్య అంగీకరించదగినదిగా లేదు.

ఒక సూక్ష్మం గుర్తుంచుకోదగినది. సందేశాన్ని స్వీకరించినట్లు టెలికాం కంప్యూటరు ఇచ్చే సమాధానం వేరు, ఫోనుకు చేరినట్లు ఆ తరువాత వచ్చే రసీదు వేరు. మొదటిది తపాలా పెట్టెలో ఉత్తరం వేసినట్లు, రెండవది ఇంటి వద్ద సంతకం తీసుకొన్నట్లు. 'వెళ్ళింది' అనే బ్యాంకు ఉద్యోగి చాలాసార్లు మొదటిదాన్ని చూసే చెబుతారు. రెండవ రసీదులో నాలుగు ముఖ్య స్థితులు ఉంటాయి: చేరింది, గడువు తీరింది, చేర్చలేకపోయాము, తిరస్కరించాము. ఏ స్థితి వచ్చిందో అడిగి తెలుసుకోవడం ఖాతాదారు చేయదగిన పనే.

తిరస్కరణకు భారతదేశంలో ఒక ప్రత్యేక కారణం ఉన్నది. ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వాణిజ్య సందేశాలు పంపే ప్రతి సంస్థ తన పేరును, పంపినవారి హెడర్‌ను, సందేశపు మూసను డి.ఎల్.టి. అనే ఉమ్మడి ఖాతా పుస్తకంలో నమోదు చేయాలి. పంపిన సందేశం నమోదైన మూసతో సరిపోలకపోతే దారిలోనే ఆగిపోతుంది. 2021 మార్చి 8న ఈ తనిఖీ అమలులోకి రాగానే దేశమంతటా ఓటీపీలు నిలిచిపోయి, బ్యాంకు లావాదేవీలు స్తంభించాయి. మరునాడే ట్రాయ్ ఆ తనిఖీని ఏడు రోజులపాటు నిలిపివేయవలసి వచ్చింది. చాలా సంస్థలు మూసలను సకాలంలో నమోదు చేయకపోవడమే అసలు లోపం. ఈనాటికీ ఒక సంస్థ సందేశపు వాక్యంలో చిన్న మార్పు చేసి, మూసను మార్చడం మరచిపోతే ఇదే జరుగుతుంది. సందేశంలోని లింకులు కూడా నమోదై ఉండాలనే నియమం 2024 అక్టోబరు 1 నుంచి వచ్చింది.

తెలుగు లిపిలోని సందేశాలకు అదనపు చిక్కు ఉన్నది. ఒక ఎస్.ఎం.ఎస్. 140 బైట్ల సంచి. ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి. ఆ డెబ్బయిలో గుణింతాలు, వత్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. అంతకు మించితే ముక్కలై ప్రయాణిస్తుంది, ఒక్కో ముక్కకు 67 మిగులుతాయి. ఒక ముక్క ఆలస్యమైతే ఫోను సందేశాన్ని పూర్తిగా చూపదు. ఓటీపీలోని అంకెలను సందేశం మొదట్లోనే పెట్టి, మొత్తం ఒక్క సంచిలో ఇమిడేలా రాయడం సంస్థల బాధ్యత.

సరిహద్దు దగ్గర జరిగేది

టెలికాం కేంద్రం సందేశాన్ని గుడ్డిగా ఊరంతా వెతకదు. ముందు ఆ సంఖ్య ఏ కంపెనీదో చూడాలి. సంఖ్య మారకుండా కంపెనీ మారే సదుపాయం 2011 జనవరి 20న దేశవ్యాప్తమైంది. 2015 జులై 3 నుంచి ఒక సర్కిల్ నుంచి మరొక సర్కిల్‌కు కూడా వీలైంది. అప్పటి నుంచి సంఖ్యలోని మొదటి అంకెలు చూసి కంపెనీని గాని, రాష్ట్రాన్ని గాని చెప్పడం కుదరదు. హోసూరులో కాపురం పెట్టిన కుటుంబం పాత ఆంధ్ర సర్కిల్ సంఖ్యనే తమిళనాడు సర్కిల్‌కు మార్చుకొని ఉండవచ్చు. అందుచేత ప్రతి సందేశానికీ మార్పిడి జాబితాను సంప్రదించాలి. మధ్యలో ఎవరి వద్దనైనా ఆ జాబితా ప్రతి పాతబడి ఉంటే సందేశం పాత కంపెనీ ఇంటికి పోతుంది. కంపెనీ మారిన తరువాత తోటివారి సందేశాలు వస్తూ, బ్యాంకువి మాత్రమే రాకపోతే ముందుగా దీనిని అనుమానించాలి. సిమ్ మార్చినవారికి మరొక మాట: మోసాల నివారణ కోసం, సిమ్ మార్చిన తరువాత 24 గంటలపాటు ఎస్.ఎం.ఎస్. నిలిపివేయాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. అది దోషం కాదు, రక్షణ.

కంపెనీ తెలిసిన తరువాత ఆ ఫోను ఇప్పుడు ఏ కేంద్రం పరిధిలో ఉన్నదో సొంత కంపెనీ రిజిస్టరును అడుగుతారు. పావగడ కర్ణాటక తాలూకా అయినా దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశే. పర్లాకిమిడికి పాతపట్నం కూతవేటు దూరం. సిరొంచకు ఎదురుగా ప్రాణహిత దాటితే తెలంగాణ. ఇటువంటి ఊళ్ళలో ఇంటి ముంగిట ఒక సర్కిల్ టవరు, పెరటిలో మరొక సర్కిల్ టవరు అందడం సహజం. ఫోను అటూ ఇటూ మారుతున్నప్పుడు ప్రతిసారీ కొత్త చోట నమోదు కావాలి. ఆ మార్పు పూర్తికాకముందే సందేశం వస్తే పాత చోట వెతికి, 'మనిషి లేడు' అని తిరిగిపోతుంది. కేంద్రం దానిని దాచి ఉంచుతుంది, ఫోను తిరిగి నమోదు కాగానే కబురు అంది మళ్ళీ పంపుతుంది. మామూలు కబురైతే పది నిమిషాల ఆలస్యం లెక్కలోకి రాదు. ఓటీపీకి మాత్రం ఆ పది నిమిషాలే మరణం. రోమింగులో వచ్చే ఎస్.ఎం.ఎస్.కు డబ్బు పడదు గనుక ఆ భయంతో రోమింగ్ ఆపివేయడం అనవసరం. ఆపితే సమస్య మరింత పెరగవచ్చు.

నెట్‌వర్కు ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, స్థిరంగా అందే టవరును పట్టుకోవడం ఈ ఊళ్ళలో పనికివచ్చే ఉపాయం. దూరప్రయాణం వెళ్ళేటప్పుడు తిరిగి ఆటోమేటిక్‌కు మార్చడం మరువరాదు. ఫ్లైట్ మోడ్‌ను అరనిమిషం పెట్టి తీసివేస్తే ఫోను కొత్తగా నమోదవుతుంది, దాచిన సందేశాలు కదులుతాయి. 2జి లేని నెట్‌వర్కులో ఎస్.ఎం.ఎస్. కూడా వోల్టీ మార్గంలోనే రావాలి. అందువల్ల ఇంటర్నెట్ నడుస్తూ ఉండి కూడా సందేశం రాకపోవచ్చు. వోల్టీ గుర్తు కనిపిస్తున్నదో లేదో చూడాలి. చిన్న ఫోనులలో సందేశాల పెట్టె నిండిపోవడం నేటికీ ఉన్నదే. మెసేజ్ సెంటర్ సంఖ్యను సరిచేసి ఓటీపీ రప్పించాలని చూసేవారు కనిపిస్తుంటారు. ఆ సంఖ్య ఫోను నుంచి పంపే సందేశాలకే, వచ్చేవాటికి దానితో సంబంధం లేదు.

ఎవరిని ఏమని అడగాలి

ముందు పక్కింటి ఫోను నుంచి మామూలు ఎస్.ఎం.ఎస్. ఒకటి పంపించుకోవాలి. అదీ రాకపోతే లోపం ఫోను, సిమ్, టవరు వైపు. అది వచ్చి, అన్ని సంస్థల ఓటీపీలూ ఆగితే టెలికాం కంపెనీని అడగాలి. ఒక్క బ్యాంకుది మాత్రమే ఆగితే ఆ బ్యాంకు, దాని మధ్యవర్తి. ఖాతాకు నమోదైన సంఖ్య ఇప్పుడు వాడుతున్నదేనా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. వలస వెళ్ళిన కొడుకు పాత సంఖ్య తండ్రి పింఛను ఖాతాకు ఉండిపోయిన ఇళ్ళు తక్కువేమీ కాదు. ఫిర్యాదులో 'ఓటీపీ రావడం లేదు' అన్న ఒక్క వాక్యం చాలదు. తేదీ, గంట, నిమిషం, అప్పుడు ఉన్న ఊరు, ఇటీవల సిమ్ గాని కంపెనీ గాని మార్చారా అన్నవి రాసి, ఆ సందేశపు గుర్తింపు సంఖ్యను, చివరి రసీదు స్థితిని తెలపమని కోరాలి. అవి ఉంటే టెలికాం కంపెనీవారు తమ లాగ్‌లో వెతకగలరు. వచ్చే సందేశాల హెడర్ కూడా ఆధారమే. ముందుండే రెండు అక్షరాలలో మొదటిది పంపిన టెలికాం కంపెనీని, రెండవది సర్కిల్‌ను సూచిస్తుంది.

సంకేతం రాలేదని బటన్‌ను పదేపదే నొక్కడం వల్ల మేలు లేదు. చాలా వ్యవస్థల్లో కొత్త సంకేతం పుట్టగానే పాతది రద్దవుతుంది, సందేశాలు పుట్టిన వరుసలోనే చేరతాయన్న హామీ కూడా లేదు. చివరకు వచ్చినది ముందు అడిగినది కావచ్చు. ఒకసారి అడిగి, కనీసం రెండు మూడు నిమిషాలు ఆగి, ఆపైన మరొకసారి అడగడం మంచిది. ఇక 'మీ ఓటీపీ సమస్య సరిచేస్తాము, వచ్చిన అంకెలు చెప్పండి' అంటూ ఫోన్ చేసేవారు దొంగలే. పైన చెప్పిన ఏ దోషాన్ని సరిచేయడానికీ ఖాతాదారు సంకేతం తెలియవలసిన అవసరం ఎవరికీ లేదు. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

డు నాట్ డిస్టర్బ్ నమోదు చేసుకొన్నందువల్ల ఓటీపీలు ఆగవు. ఆ జాబితా ప్రకటనల కోసమే.