కిన్నెరసాని: నీరు, జలచరాలు

కిన్నెరసాని గోదావరికి ఉపనది. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో పుట్టి బూర్గంపాడు వద్ద గోదావరిలో కలుస్తుంది. పాల్వంచ సమీపంలో దీనిపై ఉన్న జలాశయం పూర్తి నీటిమట్టం 407 అడుగులు. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీరు ఇక్కడినుంచే. చుట్టూ ఉన్న అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. జలాశయంలో మగ్గర్ మొసళ్లున్నాయి.

అసలు విశేషం ఎండాకాలపు మడుగుల్లో కనిపిస్తుంది. వాగు పారడం ఆగిపోయాక టేకు, వెదురు ఆకులు అందులోనే నాని కుళ్లుతాయి. నీరు డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. చాలా చేపలు తట్టుకోలేవు. కొర్రమీను మాత్రం పైకి వచ్చి, గుటుక్కున గాలి మింగి, మళ్లీ బురదలోకి జారుకుంటుంది. మొప్పల పైనున్న గదులు దానికి ఊపిరితిత్తుల్లా పనిచేస్తాయి. ఎర్రగా గుంపుకట్టే పిల్లలకు తల్లిదండ్రులే కాపలా. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా దీన్ని ఎంచుకోవడం సబబే.

ఇలాంటి ముదురు రంగు నీరే ఉండే ఇండోనేషియా పీట్ నేలల (సగం కుళ్లిన మొక్కల పదార్థం పేరుకున్న నేలల) గుండా తవ్విన కాలువల్లోనూ దీని దగ్గరి బంధువులే నిలదొక్కుకున్నాయి. అక్కడి నల్లనీటిలో ఆమ్లగుణం ఎక్కువ, ఏడాది పొడవునా అంతే. ఇక్కడ తొలకరి వరద వస్తే మడుగు కడుక్కుపోతుంది.