హరిశ్చంద్రోపాఖ్యానమునఁ గరుణఘట్టములు – ప్రేక్షకుఁడును క్రీడాకారుఁడును

శ్రీకాకుళము జిల్లాలోఁ బలాసకును శ్రీకాకుళము రోడ్డునకును నడుమ నినుపదారిపై హరిశ్చంద్రపురమను స్టేషను కలదు. ఈ పేరు చిరకాల మొక శాసనసభా నియోజకవర్గమునకును జెల్లి, 2009 ఎన్నికలనాఁటి పునర్విభజనలోఁ దొలఁగిపోయినది. పేరు చూచినంతనే సత్యహరిశ్చంద్రుఁ డిచ్చట నుండెనని కథ గట్టుట చరిత్రపద్ధతి గాదు. ఊరిపేరు రాజునకు సాక్ష్యము కానేరదు. కాని యా పేరు చెవిని బడఁగానే యయోధ్య సింహాసనము గాక కాటిమంట స్మృతికి వచ్చుట మాత్రము తెలుఁగువారి సంస్కారమునకు సాక్ష్యము. ఆ సంస్కార మెట్లేర్పడినది? చూచువారిని గంటఁ దడిపెట్టించు ఘట్టము లీ కథలో నెప్పుడు, ఏ క్రమమునఁ జేరినవి? ఆ కన్నీటికిఁ గారణమేమి? ఈ మూఁడు ప్రశ్నలే యీ వ్యాసమునకు విషయము.

మొదట మూలమును బరిశీలింతము. ఐతరేయ బ్రాహ్మణమున హరిశ్చంద్రుని కథ కలదు. కాని మన మెఱిఁగిన కథ యది కాదు. అందు హరిశ్చంద్రుఁడు పుత్రార్థియై వరుణుని వేఁడి, పుట్టిన కుమారుని యాతనికే బలి యిత్తునని మాట యిచ్చును. కుమారుఁడు రోహితుఁడు పెరిగి యడవికిఁ బోవును. తుదకు నూఱు గోవులకు శునశ్శేపుఁడను బ్రాహ్మణ బాలకుఁడు కొనఁబడును. అమ్మినవాఁడు తండ్రియైన యజీగర్తుఁడు. బాలుని యూపమునఁ గట్టుటకు మఱి నూఱు గోవులు, చంపుటకు వేఱొక నూఱు గోవులు కొనుట కాతఁడే యొప్పుకొనును. బాలుఁడు దేవతలను స్తుతించి విముక్తుఁడగును. విశ్వామిత్రుఁ డాతనిఁ గొడుకుగా స్వీకరించును. ఇచట మూఁడంశములు గమనింపఁదగినవి. శోకమునకు స్థానము రాజు గాఁడు, అమ్ముడువోయిన బాలకుఁడు. హరిశ్చంద్రుఁడు కొనువాఁడే కాని యమ్మువాఁడు గాఁడు. విశ్వామిత్రుఁడు క్రూరుఁడు గాక శరణ్యుఁడు.

మార్కండేయ పురాణమున నీ మూఁడును దలక్రిందులైనవి. రాజు సర్వస్వమును విశ్వామిత్రున కిచ్చి, దక్షిణ ఋణమునకై భార్య నమ్మును. బిడ్డ తల్లి కొంగు విడువక యేడ్చుటచే నా బిడ్డయు నమ్ముడువోవును. పిదపఁ దన్నుఁ దా నమ్ముకొని రాజు శ్మశానమునఁ గాపరి యగును. పాము కఱచి కొడుకు చచ్చును; తల్లి శవమును దెచ్చును. భార్యాభర్త లొండొరుల నానవాలు పట్టలేకుండుట, పట్టిన పిమ్మట నిరువురును జితి నెక్క నుద్యమించుట, దేవతలు ప్రత్యక్షమై బాలుని బ్రదికించుట యిందలి క్రమము. అమ్ముడువోవు బాలుఁడు వేదకథనుండియే వచ్చినాఁడని తోఁచుచున్నది. కాని యిపు డమ్ముచున్నవాఁడు కథానాయకుఁడు. శోకము పరునినుండి కర్తకుఁ దిరిగినది. ఈ మార్పే తక్కిన యన్నిటికిని బీజము.

మార్కండేయమును దిక్కనశిష్యుఁడైన మారన తెనిఁగించెను. కాని జనహృదయమున నిలిచిన రూపము 15వ శతాబ్దికిఁ జెందిన గౌరన ద్విపదకావ్యము, హరిశ్చంద్రోపాఖ్యానము. దానికి ముందు కన్నడమున రాఘవాంకుఁ డీ కథను షట్పదిలో రచించి యుండెను. ఈ రెండు దేశభాషాకావ్యములందును సంస్కృత పురాణమున లేని ఘట్టములు ప్రబలమైనవి. అందు నక్షత్రకుని పాత్ర యొకటి. అప్పు వసూలు చేయుటకు వెంటఁబడి, యెండలోఁ గూలఁబడి, నడువలేనని మొండికెత్తి, యాఁకలి యని గోలపెట్టి, కష్టములో నున్నవారికే కష్టమును గలిగించు నీతఁడు హాస్యమునకుఁ బుట్టినవాఁడువలెఁ గనఁబడును. కాని యాతఁడు నవ్వించిన కొలఁది రాజదంపతుల యోర్పు మఱింత బరువగును. కరుణమును హాస్యముచేఁ బోషించుట గౌరన యెఱిఁగిన మర్మము.

రెండవది ఖడ్గఘట్టము. శిశుహత్యానింద మోపఁబడిన భార్యను యజమానుని యాజ్ఞచే భర్తయే నఱకవలసి వచ్చుట మార్కండేయమున లేదు. దేవీభాగవతమున నట్టి యాజ్ఞ గలదు. దేశభాషాకావ్యములందుఁ గథకు శిఖరమైనది. మార్కండేయమున రాజు దుఃఖము ననుభవించును, ఇచటఁ జేయవలసివచ్చును. అనుభవించుటకును జేయుటకును గల యంతరమే యీ వ్యాసమునకుఁ బ్రాణము.

మా వాదమునకు రామరాజభూషణుని హరిశ్చంద్రనలోపాఖ్యానము తోడ్పడును. ప్రతిపద్యమును హరిశ్చంద్రపరముగను నలపరముగను నన్వయించు ద్వ్యర్థికావ్యమిది. శ్లేషచమత్కృతికే యీ రెండు కథలు జతపఱుపఁబడెనని తలఁచుట యలవాటు. మాకు వేఱొక హేతువును దోఁచుచున్నది. నలుఁడు జూదమాడి రాజ్యము గోలుపోయెను. హరిశ్చంద్రుఁడు మాట యిచ్చి గోలుపోయెను. నలుఁ డడవిలో నిద్రించు భార్యను విడిచెను. హరిశ్చంద్రుఁడు సంతలో నమ్మెను. కలిప్రేరణ యన్నను, విశ్వామిత్రపరీక్ష యన్నను, పాచికలు వేసిన చేయి నలునిదే, చేయి పట్టి భార్య నంగడికిఁ దెచ్చినవాఁడు హరిశ్చంద్రుఁడే. పిడుగు పడి చచ్చినవానిఁ జూచి జాలిపడుదుము. తన చేతితోఁ దన ప్రాణసమానమును గోలుపోవువానిఁ జూచి మాత్ర మూపిరాడక నిలుతుము. అట్టివాని కొక్క యబద్ధముతోఁ దప్పించుకొను దారి యడుగడుగునఁ దెఱచియే యుండుటచేఁ జూచువాఁడును మనసులో "చెప్పివేయరాదా!" యని తొందరపడును. చెప్పఁడని యెఱిఁగియుఁ దొందరపడును. కన్నీ రా తొందరనుండి పుట్టుచున్నది.

ఇఁక రంగస్థలము. సంస్కృతమున క్షేమీశ్వరుని చండకౌశిక మైదంకముల నాటకము. తెలుఁగున బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881–1953) సత్యహరిశ్చంద్రీయము సుప్రసిద్ధము. జాతరలలోఁ గాటిసీను మాత్రమే ప్రత్యేకముగా నాడించుకొనుట తెలుఁగునాఁటఁ బరిపాటి యైనది. ఈ సీనులో నటులు బలిజేపల్లివారి పద్యములతోఁ బాటు గుఱ్ఱము జాషువ (1895–1971) శ్మశానవాటి పద్యములను జేర్చి పాడసాగిరి. ప్రేక్షకులలోఁ బెక్కండ్రకు నీ కర్తృభేదమే తెలియదు. గ్రంథపరిష్కర్తల దృష్టికి నిది ప్రక్షిప్తము. కాని నాటకచరిత్రకారుఁడు దీనిఁ గొట్టివేయరాదు. ఏ పద్య మేల చేరినదో యది విచారించినచో రసము త్రోవ తెలియును.

బలిజేపల్లివారి పాత్ర తన దుఃఖమును జెప్పుకొనును. జాషువ పద్యములు తన దుఃఖమును మఱచి, రాజును గవియుఁ బేదయు నొక్క భస్మమగు భూమిని జూపును. అంటరానివాఁడని యవమానింపఁబడి, 1941లో గబ్బిలమును వెలువరించిన కవి మాట, రాజు నోట, కాటికాపరి వేషమునఁ బలుకుచున్నది. ఇందుఁ గథయంతటిలోఁ జెప్పక మిగిలిన ప్రశ్న యొకటి కలదు. తెలుఁగు కన్నడ కావ్యములందు హరిశ్చంద్రుఁడు మాతంగకన్యలను బెండ్లాడననెను. పిదప నట్టివారికే దాసుఁడయ్యెను. రాజు కాటికాపరి యైనందుకు మన మేడ్తుము. పుట్టుకచేతనే కాటికాపరి యైనవానిఁ జూచి యేడ్చితిమా? అతని బ్రతుకే రాజునకు శిక్షగా నిర్ణయింపఁబడినప్పుడు, ఆ శిక్ష నేరము లేకయే వాఁడు తరతరములు మోయుచున్నాఁడని తలఁచితిమా? నటు లెఱిఁగి చేర్చిరో యెఱుఁగక చేర్చిరో కాని, యా పద్యములు చేరినచోటనే కథకుఁ గావలసిన సవరణ జరిగినది.

కరుణ మానందమెట్లగునను శంక ప్రాచీనము. దుఃఖమే యైనచో నెవ్వఁడును జూడ రాఁడని విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున సమాధానము చెప్పెను. సాధారణీకరణముచే నాది పరాది యను భేదము తొలఁగునని యభినవగుప్తుని మతము. ఈ మతమునకు లోకానుభవ మొకటి చూపుదము. మహాత్మాగాంధి తన యాత్మకథలో, బాల్యమున హరిశ్చంద్ర నాటకమును జూచి తనివిదీఱక, తనలోఁ దానే యెన్నియోమార్లు హరిశ్చంద్రుఁడై యాడుకొంటిననియు, తలఁచి యేడ్చితిననియు వ్రాసికొనెను. చూచుట చాలలేదు, ఆడవలసివచ్చినది. ప్రేక్షకుఁడు క్రీడాకారుఁడైన చోట ముద్ర గాఢమైనది.

నేఁటి యువకులు యంత్రముల తెరపై నాడు వీడియోగేములలోఁ గాల్పనిక లోకములు పెక్కు గలవు. అవి కాలక్షేపమే యని పండితు లుపేక్షింతురు. ఒక యుదాహరణము చాలును. 2013లో స్వీడను దేశమున నిర్మితమైన బ్రదర్స్ అను నాటలో నిద్ద ఱన్నదమ్ములు రోగియైన తండ్రికి జీవజలమును దేఁ బోవుదురు. ఆడువాని యొక చేతి మీట యన్నను, రెండవ చేతి మీట తమ్ముని నడపును. తల్లి నీటమునిఁగి చనిపోయినది కాన తమ్మునికి నీరన్న భయము. అన్న వీఁపు పట్టుకొని యీఁదును. త్రోవలో నన్న చనిపోవును. తమ్ముఁ డొంటిగాఁ దిరిగివచ్చుచు వఱద యెదుట నిలిచిపోవును. అప్పుడు క్రీడాకారుఁడు చాలసేపటినుండి పనిలేక యున్న యన్న మీటను నొక్కినచోఁ దమ్ముఁ డీఁదసాగును. మాట లేదు, పద్యము లేదు. వ్రేలికిఁ దెలిసిన శూన్యమే కరుణము. 1997లో జపానున వెలువడిన ఫైనల్ ఫాంటసీ యేడవ భాగమున నేరిత్ అను యువతి మరణించును. ఎన్నో దినములు తానే పెంచి పోషించిన పాత్రను గాపాడ నాడువానికి వీలు లేదు. ఆట మరల మొదలిడవచ్చును గాని యా మరణమును మరలింపరాదు.

ఇట హరిశ్చంద్రకథతో సామ్యమును భేదమును రెండును గలవు. చేతిలోఁ గత్తి యుండియు విధి తన వశమున లేకుండుట సామ్యము. మనకథలో దేవతలు దిగివచ్చి లోహితాస్యుని బ్రదికింతురు. ఆ యాటలలో మృతుఁడు లేవఁడు. మన నాటకసంప్రదాయము శోకమునకుఁ దుది చూపి ప్రేక్షకు నింటికిఁ బంపును. ఆ క్రీడలు శోకముతోనే నడువ నేర్పును. ఏది శ్రేష్ఠమని తగవులాడ నక్కఱలేదు. రెంటను నడుగఁబడుచున్న ప్రశ్న యొక్కటే: నీ చేతిలో నున్నంతవఱకు నీ వేమి చేసితివి?

రసమును లోకశోకమును గలగాపులగము చేయుట మాత్రము దోషము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంతఁ దీరము దాఁటి యుద్దానమున కొబ్బరితోఁటలను జీడితోఁటలను నేలఁగూల్చినది. తరమువా రొకరు నాఁటి పెంచిన చెట్టు కూలినప్పటి శోకము రసము గాదు. దానికిఁ గావలసినది సాయము, చప్పట్లు గావు. కాటిసీను చూచి యేడ్చినవాఁ డా తోఁటయజమానిఁ జూచి చేయి చాపలేఁడేని యాతని కన్నీరు వ్యర్థము. కళ యిచ్చు కరుణము లోకశోకమునకు బదులు గాదు. దాని యెదుట నిలువవలసిన హృదయమునకు సాధన.

కడపటి విన్నపము. నాటకము లచ్చయినవి గాని నటులు చేర్చిన పద్యములు, తీసివేసిన మాటలు, ప్రేక్షకులు మరల మరల పాడించుకొన్న తావులు పాత ప్రతుల యంచులందే వ్రాఁతలుగా నుండును. చెదలును దుపానును వాని నాఱఁగించును. ఉద్దానము, టెక్కలి, పలాస ప్రాంతముల పాఠశాలా పండితులు తమ గ్రామములలోని వృద్ధనటుల యిండ్లకుఁ బోయి యట్టి ప్రతులను జూచి, యే పద్య మెవరిదో, యెచ్చటఁ జేరినదో గుర్తించి పరిషత్తునకుఁ దెలుపుదురేని, గౌరననాఁటినుండి నేఁటివఱకుఁ దెలుఁగువా రెచ్చట నేడ్చిరో యా త్రోవ మనకుఁ దెలియును. రాజుల యుద్ధములకుఁ జరిత్ర కలదు. ప్రజల కన్నీటికిని జరిత్ర యుండవలయును.